ఎడమ కాలికి విశ్రాంతి... బుర్రకు కాదు!

విశాఖపట్నం: ఈ ఊళ్లో కారు నడపడమంటే ఎడమ కాలికి చాకిరీ. కూర్మన్నపాలెం నుంచి బయలుదేరి గాజువాక, ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు దాటి మద్దిలపాలెం చేరేలోగా క్లచ్ ఎన్నిసార్లు తొక్కాలో లెక్కపెట్టేవారు లేరు. ఒకపక్క స్టీల్‌ప్లాంట్ షిఫ్టు మారే వేళ రద్దీ, మరోపక్క పోర్టు వైపు సాగే లారీలు, ట్రెయిలర్లు. సందు దొరికితే దూరే ఆటోలు సరేసరి. కారు పది గజాలు కదులుతుంది, ఆగుతుంది. మళ్లీ క్లచ్, మళ్లీ ఫస్టు గేరు. ఇల్లు చేరేసరికి మోకాలు పట్టేస్తుంది. ఉద్యోగ విరమణ చేసిన పెద్దవారికి, కీళ్ల నొప్పులున్నవారికి, కొత్తగా స్టీరింగ్ పట్టుకునేవారికి ఈ మూడో పెడలే పెద్ద గండం.

ఆ పెడల్ లేని చవక రకం చిన్న కార్లు వచ్చి పదేళ్లు దాటింది. సిగ్నల్ దగ్గర తనంతట తానే ఇంజన్ ఆపుకుని, బ్రేకు వదలగానే మళ్లీ స్టార్టయ్యే కార్లూ వచ్చాయి. కొన్నవారు సుఖపడుతున్న మాట నిజమే. అయితే కారులో ఏది మారిందో, ఏది మారలేదో తెలుసుకోకపోతే ఆ సుఖం ఖరీదైనదవుతుంది. అందులోనూ కొండల మధ్య, సముద్రం ఒడ్డున ఉన్న ఈ నగరంలో మరీను.

దారి చూపింది స్కూటరే

గేర్లు లేని బండి మనకు కొత్త కాదు. 1984లో కైనెటిక్ హోండా స్కూటర్ వచ్చినప్పుడే గేరు మార్చకుండా బండి నడపవచ్చని జనానికి తెలిసింది. ఆ తర్వాత గేర్లు లేని స్కూటర్లు ఇంటింటి వాహనాలయ్యాయి. కార్ల విషయంలో మాత్రం ఆలస్యమయింది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1939లోనే ‘హైడ్రామాటిక్’ పేరుతో ఆటోమేటిక్ గేరు పెట్టెను మార్కెట్లోకి తెచ్చింది. మన దేశంలో మారుతి జెన్, హ్యుందాయ్ శాంత్రో కార్లలో ఆటోమేటిక్ రకాలు వచ్చినా, ధర ఎక్కువ, మైలేజి తక్కువ అన్న భయంతో మధ్యతరగతి వారు వాటి జోలికి పెద్దగా పోలేదు.

2014 ఫిబ్రవరిలో మారుతి సుజుకి ‘సెలేరియో’ను విడుదల చేయడంతో పరిస్థితి మారింది. ఇటలీకి చెందిన మాగ్నెటి మరెల్లి పరిజ్ఞానంతో తయారైన ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్, అంటే ఎ.ఎం.టి., అందులో అమర్చారు. మామూలు గేర్ల కారుకు, దీనికి ప్రకటిత మైలేజి ఒక్కటే: లీటరుకు 23.1 కిలోమీటర్లు. ధరలో తేడా వేలల్లోనే. అదే ఏడాది ఆల్టో కె10కు, 2015లో టాటా నానోకు కూడా ఈ సదుపాయం వచ్చింది. కొనాలని ఉండి వెనుకాడినవారి భయాలు రెండూ ఒక్కసారే తీరాయి.

చేయి మారింది, క్లచ్ మారలేదు

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఖరీదైన ఆటోమేటిక్ కార్లలో ఇంజన్‌కు, గేర్లకు మధ్య నూనెతో పనిచేసే టార్క్ కన్వర్టర్ ఉంటుంది. కొన్నిటిలో బెల్టుతో నడిచే సి.వి.టి. ఉంటుంది. చిన్న కార్లలోని ఎ.ఎం.టి. అలాంటిది కాదు. ఇందులో ఉండేది పాత గేరు పెట్టే, పాత క్లచ్ పళ్లెమే. మనిషి కాలు, చేయి చేసే పనిని కంప్యూటర్ చెప్పినట్టు ఒక యంత్రం చేస్తుంది. అంతే తేడా.

కనుక పాత క్లచ్‌కు ఉన్న బలహీనతలన్నీ దీనికీ ఉన్నాయి. గేరు మారేటప్పుడు క్షణం పాటు ఇంజన్ బలం చక్రాలకు అందదు. అప్పుడే కారులోని వారి తలలు ముందుకు ఊగుతాయి. గేరు మారబోతున్నదని ఇంజన్ శబ్దాన్ని బట్టి కనిపెట్టి యాక్సిలరేటర్‌పై కాలు కొద్దిగా తేలిక చేస్తే ఆ ఊపు తగ్గుతుంది. నాలుగు రోజుల్లో ఇది అలవాటవుతుంది.

కానీ రెండు వరుసల రోడ్డుపై లారీని దాటి పోవాలనుకున్నప్పుడు ఆ క్షణమే కీలకం. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే కారు ముందుకు దూకదు. ముందు గేరు తగ్గించుకుని, ఆపైన ఊపందుకుంటుంది. అరకు వెళ్లే దారిలో ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు ఈ ఆలస్యం ప్రాణాల మీదకు తెస్తుంది. మాన్యువల్ స్థానంలోకి మార్చి, ముందే గేరు తగ్గించుకుని ఆ తర్వాతే దాటడం మంచిది. లేదా ఆగడం ఇంకా మంచిది.

మిట్ట మీద మాడే పళ్లెం

విశాఖ చదును నేల కాదు. సిరిపురం, వాల్తేరు అప్‌ల్యాండ్స్ ఎత్తులో ఉంటే బీచ్ రోడ్డు పల్లంలో ఉంటుంది. కైలాసగిరి, సింహాచలం, యారాడ దారులు చెప్పనక్కరలేదు. పండుగ రోజుల్లో కొండ దారిలో కార్లు బారులు తీరినప్పుడు ఎ.ఎం.టి. కారుకు అసలు పరీక్ష ఎదురవుతుంది.

మిట్ట మీద ఆగినప్పుడు బ్రేకు తొక్కి ఉంచకుండా, యాక్సిలరేటర్‌ను కొద్దికొద్దిగా నొక్కుతూ కారును వెనక్కి జారకుండా నిలబెట్టడం చాలామందికి అలవాటు. టార్క్ కన్వర్టర్ ఉన్న కారు కాసేపు దాన్ని భరిస్తుంది. ఎ.ఎం.టి.లో అయితే క్లచ్ పళ్లెం సగం అంటుకుని సగం జారుతూ రాసుకుపోతుంది. కొద్ది నిమిషాల్లోనే కాలిన వాసన వస్తుంది. కొన్ని కార్లలో క్లచ్ వేడెక్కిందని హెచ్చరిక కూడా వెలుగుతుంది. దాన్ని లక్ష్యపెట్టకపోతే పళ్లెం మార్చక తప్పదు. అది వేలల ఖర్చు.

చేయవలసింది చిన్న పనే. ఆగితే బ్రేకు మీదే కాలు. ఎక్కువసేపు ఆగవలసి వస్తే న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు లాగాలి. బయలుదేరేటప్పుడు డ్రైవ్‌లోకి మార్చి, యాక్సిలరేటర్ నొక్కుతూ, కారు ముందుకు లాగుతున్నదని తెలిశాక హ్యాండ్ బ్రేకు దించాలి. హిల్ హోల్డ్ సదుపాయం ఉన్న కార్లు బ్రేకు వదిలాక ఒకటి రెండు సెకన్లు తామే నిలబడతాయి. అది లేని కారులో ఆ పని చోదకుడిదే. ముందు కారుకు, మనకు మధ్య ఒక కారు పొడవైనా ఖాళీ వదిలితే మాటిమాటికీ రెండడుగులు కదలవలసిన అవసరం ఉండదు.

దిగేటప్పుడు ఇంకో జాగ్రత్త. అనంతగిరి ఘాట్‌లో డ్రైవ్‌లోనే వదిలేసి బ్రేకుల మీద ఆధారపడితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. మాన్యువల్ స్థానంలో రెండో గేరులో ఉంచితే కారు పరుగును ఇంజనే అదుపు చేస్తుంది.

సిగ్నల్ దగ్గర కునుకు

ఇక ఇంజన్ తానే ఆగే ఏర్పాటు. ఇదీ పాత ఆలోచనే. 1980వ దశకంలోనే ఐరోపాలో ఫోక్స్‌వాగన్ వంటి సంస్థలు ప్రయత్నించాయి. మన చిన్న కార్లలో 2021 నవంబరులో వచ్చిన కొత్త సెలేరియోతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ కారులో ఒక ఎ.ఎం.టి. రకానికి ప్రకటించిన మైలేజి లీటరుకు 26.68 కిలోమీటర్లు. తర్వాత వ్యాగన్ ఆర్ లోనూ ఈ ఏర్పాటు చేరింది.

గేర్ల కారులో న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే ఇంజన్ ఆగుతుంది, క్లచ్ తొక్కితే స్టార్టవుతుంది. ఎ.ఎం.టి. కారులో బ్రేకు తొక్కి పూర్తిగా ఆగితే ఇంజన్ ఆగుతుంది, బ్రేకు వదిలితే స్టార్టవుతుంది. ఇంజన్ వేడెక్కకపోయినా, బ్యాటరీలో ఛార్జి చాలకపోయినా, సీటు బెల్టు పెట్టుకోకపోయినా ఇది పనిచేయదు. అది లోపం కాదు, జాగ్రత్త కోసం పెట్టిన ఏర్పాటు.

దీనివల్ల మిగిలేదెంత? చిన్న పెట్రోలు ఇంజన్ నిలబడి తిరిగితే గంటకు సుమారు అర లీటరు పైచిలుకు తాగుతుంది. 600 మిల్లీలీటర్లు అనుకుందాం. రోజుకు పావుగంట సిగ్నళ్ల దగ్గర గడిపే ఉద్యోగికి ఏడాదిలో 300 రోజులకు 75 గంటలు, 45 లీటర్లు. లీటరు వంద రూపాయలనే వేసుకున్నా రూ.4,500. కానీ ఇది కాగితం మీది లెక్క. విశాఖ ఉక్కపోతలో ఇది నిలవదు. ఇంజన్ ఆగితే ఏసీ కంప్రెసర్ కూడా ఆగుతుంది. ఫ్యాను మాత్రమే తిరుగుతుంది. కాసేపటికి లోపల చెమటలు పడతాయి. చాలా కార్లు అది గమనించి ఇంజన్‌ను తామే మళ్లీ స్టార్ట్ చేస్తాయి. కనుక మే నెలలో లాభం సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఏసీ లేకుండా తిరిగేవారికి పూర్తి ఫలితం దక్కుతుంది.

పది సెకన్లకు మించి ఆగేచోట ఇంజన్ ఆపడం లాభమని నిపుణుల లెక్క. అంతకంటె తక్కువ సమయం ఆగుతూ సాగే రద్దీలో దీన్ని ఆపేయడానికి ఒక మీట ఉంటుంది. సాధారణంగా తాళం తిప్పిన ప్రతిసారీ దాన్ని మళ్లీ నొక్కాలి. వానాకాలంలో నీరు నిలిచిన రోడ్ల మీద మాత్రం ఆ మీట మరువరాదు. సైలెన్సర్ గొట్టం దాకా నీరున్నప్పుడు ఇంజన్ ఆగిందా, మళ్లీ లేస్తుందన్న భరోసా లేదు.

బ్యాటరీయే ప్రాణం

ఈ కార్లలో స్టార్టర్ మామూలుకంటె దృఢంగా ఉంటుంది. బ్యాటరీ కూడా మాటిమాటికీ స్టార్టయ్యే పనికోసం తయారైన రకం. ధర కొంత ఎక్కువ. అది పోయినప్పుడు చవకగా వస్తుందని మామూలు బ్యాటరీ బిగిస్తే త్వరలోనే మొరాయిస్తుంది. ఎండ వేడి ఏ బ్యాటరీకైనా ఆయుష్షు తగ్గిస్తుంది. సముద్రపు గాలికి టెర్మినళ్ల మీద తెల్లటి పొర పేరుకుంటుంది. నెలకోసారి చూసి శుభ్రం చేయించాలి.

ఎ.ఎం.టి.లో గేరు మారడానికీ కరెంటే ఆధారం. బ్యాటరీ చచ్చిపోతే పాత కారులా నలుగురు తోసి స్టార్ట్ చేయడం కుదరదు. జంపర్ తీగలతో మరో బ్యాటరీ కలపవలసిందే. ఈ చిన్న కార్లలో చాలావాటికి పార్కింగ్ గేరు కూడా ఉండదు. రివర్స్, న్యూట్రల్, డ్రైవ్ అంతే. వాలులో నిలిపేటప్పుడు గేరులో ఉంచి ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగాలి. ఇంజన్ శబ్దం లేదు కదా అని తాళం తీయకుండా దిగిపోవడం ప్రమాదం. ఇంజన్ కునుకు తీస్తున్నదే తప్ప నిద్రపోలేదు.

లైసెన్సు ఒకటే, చదువు రెండు

1988 మోటారు వాహనాల చట్టం మోటారు సైకిళ్లను గేర్లున్నవి, గేర్లు లేనివి అని రెండుగా విభజించింది. కార్లకు ఆ తేడా లేదు. అన్నిటికీ తేలికపాటి మోటారు వాహనం లైసెన్సే. బ్రిటన్‌లో ఆటోమేటిక్ కారుతో పరీక్ష నెగ్గినవారు గేర్ల కారు నడపరాదు. ఇక్కడ నడపవచ్చు. అంటే క్లచ్ ముఖం చూడనివారు రేపు తమ్ముడి కారు తీసుకుని సింహాచలం కొండ ఎక్కినా చట్టం అడ్డుచెప్పదు. కొండ మాత్రం ఊరుకోదు.

ఇటు పాత కారు నుంచి కొత్త దానికి మారినవారి చిక్కు మరోరకం. ఎడమ కాలు అలవాటు కొద్దీ క్లచ్ అనుకుని బ్రేకును బలంగా తొక్కుతుంది. కారు ఠక్కున ఆగుతుంది. వెనుక వచ్చే ట్రెయిలర్ ఆగదు. అందుకే రెండు పెడళ్లకూ కుడి కాలే వాడాలి. ఎడమ కాలు పక్కకు మడిచి ఉంచాలి.

డ్రైవింగ్ స్కూళ్లు ఈ రెండు రకాల కార్లనూ చేర్చి, మిట్ట మీద ఆగి బయలుదేరడం తప్పనిసరి పాఠంగా పెడితే చాలామంది ఇబ్బందులు తీరుతాయి. అంతదాకా కొత్త కారు కొన్నవారు రద్దీ లేని ఒక ఆదివారం తెల్లవారుజామున, ఖాళీగా ఉన్న చిన్న వాలు మీద, తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని పదిసార్లు ఆగి బయలుదేరి చూసుకోవాలి. అందుకు అయ్యే ఖర్చు ఒక లీటరు పెట్రోలు. క్లచ్ మార్పించుకునే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోనిది కాదు.