అద్దె ఆరున్నర డాలర్లు!

హౌగాంగ్‌లో మంచానికింత అని లెక్కగట్టి అద్దె కట్టే మనవాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. కానీ పక్కనే ఉన్న బువాంగ్‌కాక్‌లో నెలకు ఆరున్నర నుంచి 30 డాలర్ల లోపు అద్దెతో ఇళ్లున్న ఊరొకటి ఉందని ఇక్కడి పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. ఊరంటే ఊరే. మట్టిబాట, చెక్క గోడలు, రేకుల కప్పు, గాల్లో వేలాడే కరెంటు తీగలు, వాకిట్లో కోళ్లు. పేరు కంపోంగ్ లోరోంగ్ బువాంగ్‌కాక్. సింగపూర్ ప్రధాన దీవిలో మిగిలిన ఆఖరి పల్లె ఇదే.

1956లో ఒక చైనా మందుల వ్యాపారి ఈ నేల కొన్నారు. తర్వాత ఆయన కుటుంబమే చూసుకుంటూ వచ్చింది. ఇరవై అయిదు దాకా ఇళ్లు. చైనీయులు, మలయ్ వాళ్లు కలిసి ఉంటారు, ఊళ్లోనే చిన్న నమాజు మందిరం. పల్లపు నేల కావడంతో వానొస్తే నీళ్లు నిలిచేవి. అందుకే మలయ్ వాళ్లు దీనికి 'సెలక్ కైన్' అని పేరు పెట్టారు. మన భాషలో 'లుంగీ ఎగ్గట్టు' అన్నమాట!

జపాన్‌లో మంచు కొండల మధ్య షిరకావగో అనే పల్లె ఉంది. దాని గడ్డి కప్పులు నమస్కారం పెట్టిన చేతుల్లా నిటారుగా ఉంటాయి. మంచు బరువు నిలవకుండా జారిపోవడానికే ఆ వాలు. కప్పు మార్చాల్సి వస్తే ఊరంతా సాయం వస్తుంది, మన దగ్గర తాటాకిల్లు కప్పినట్టే. 1971లో ఆ ఊరివాళ్లు కట్టు పెట్టుకున్నారు: ఇళ్లు అమ్మొద్దు, అద్దెకివ్వొద్దు, కూల్చొద్దు. 1995లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బువాంగ్‌కాక్‌కు అలాంటి రక్షణ లేదు. 2014 ప్రణాళికలో ఈ స్థలం మీదుగా రోడ్డు, బడులు గీశారు. అది కొన్ని దశాబ్దాల తర్వాతి మాటని 2017లో పార్లమెంటులో ప్రభుత్వం చెప్పింది.

నేను మాత్రం ఎవర్ని తప్పుపట్టను? మా ఊళ్లో పెంకుటిల్లు దింపించి శ్లాబు వేయించింది నేనే, ఇక్కడి ఓవర్‌టైం డబ్బుతో. అమ్మకు వాన కారే బాధ తప్పింది. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం పక్కింటి పెంకుటింటి అరుగు మీదే గడుపుతోందట.

ఆదివారం చూడాలనుకునేవారు యియో చూ కాంగ్ రోడ్డు మీంచి జెరాల్డ్ డ్రైవ్‌లోకి తిరిగి అడగండి. పగటిపూటే వెళ్లండి. అవి మనుషులు కాపురముండే ఇళ్లు, అడక్కుండా గుమ్మంలోకి ఫోన్ పెట్టి ఫొటోలు తీయకండి.