పాత ఆట – క్రొత్త యంత్రము

ఇంటిలోని పాత వస్తువును పారవేయవలసి వచ్చినప్పుడు స్త్రీలము పలుమారులు ఆలోచింతుము. చిల్లుపడిన ఇత్తడి చెంబునకు మాటు వేయింతుము. చినిగిన పట్టుచీర అంచు విప్పి పసిపిల్ల పరికిణీకి కుట్టుదుము. కాని కంప్యూటరు సంబంధమైన వస్తువు విషయమున మాత్రము, "ఇది పాతబడినది, ఇక పనికిరాదు" అని అంగడివారు చెప్పినంతనే మారుమాటాడక నమ్ముచున్నాము. అట్లు నమ్మి మేము మా అమ్మగారి మాటలను చెత్తకుండీ పాలు చేయబోయి, దైవవశమున ఆగితిమి. ఆ వృత్తాంతము మా సోదరీమణులకు ఉపయోగపడునని తలంచి ఇచ్చట వ్రాయుచున్నాము.

మా యిల్లు విశాఖపట్టణమునకు ఉత్తరమున, భీమునిపట్టణము పోవు త్రోవలో, రుషికొండ యందున్నది. 2002లో మా తమ్ముడు కళాశాలలో చదువుచుండగా 'బాల్డర్స్ గేట్ 2' అను ఆటను కొని తెచ్చెను. కెనడా దేశమున ఎడ్మంటన్ నగరమందలి బయోవేర్ సంస్థవారు నిర్మింపగా, 2000లో వెలువడిన ఆట అది. నాలుగు డిస్కుల మీద వచ్చెను. ఇందు ఆడువారే కథలోని పాత్రలను ధరింతురు. కత్తి పట్టిన వీరుడు, మంత్రవేత్త, గాయములు మాన్పు పూజారిణి, తాళములు తీయు దొంగ – ఇట్టి ఆరుగురు జట్టుగా కూడి, పట్టణములు తిరుగుచు, పాతాళ గృహములు దూరుచు, దుష్టులతో పోరాడుచు కథను నడుపుకొందురు. మన చిన్ననాట పెద్దలు చెప్పిన మాంత్రికుల కథల వంటిదే; కాని ఇందు రాకుమారుడు ఎటు పోవలెనో వినువారే నిర్ణయింపవలెను.

మా అమ్మగారికి ఇంగ్లీషు రాదు. అయినను రాత్రి వంటయింటి పని ముగించుకొని వచ్చి తమ్ముని ప్రక్కన పీట వేసికొని కూర్చుండెడివారు. వాడు తెరమీది మాటలను తెలుగున చెప్పుచుండగా పురాణము వినునట్లు వినెడివారు. కథలో ఇమోయెన్ అను పిల్ల బంధింపబడును. ఆమెను విడిపించుటకు సాయము చేయువారు 20,000 బంగారు నాణెములు అడుగుదురు. ఆ మాట విన్నది మొదలు అమ్మగారికి నిద్రలేదు! "ఇంటిలో ఎంత యున్నది? ఏది అమ్మవచ్చును? ఆ కవచము ఇప్పుడే కొనవలెనా?" అని లెక్కలు తీయ నారంభించిరి. ఆటలోని దినచర్య పుస్తకమున ఆడువారు తమ సొంత మాటలు వ్రాసికొనుటకు వేరుగా ఒక భాగమున్నది. అమ్మగారు చెప్పుచుండగా తమ్ముడు తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరములతో అందు పద్దులు వ్రాసెడివాడు.

మరియొక ముచ్చట. ఈ ఆటను పలువురు కలసి ఆడు మార్గము వేరుగా నున్నది. ఆ మార్గమున ప్రవేశించినచో ఒక్కరే యైనను ఆరు పాత్రలను తమ యిష్టానుసారము సృష్టించుకొనవచ్చును. మా తమ్ముడు అట్లే చేసి, నాయనమ్మగారిని మంత్రవేత్తగను, నాన్నగారిని కవచధారిగను, అమ్మగారిని పూజారిణిగను, మమ్ము విలుకత్తెగను, చెల్లెలిని పాటకత్తెగను, తన్ను దొంగగను నిలిపెను. ఇల్లంతయు ఆ తెరమీద నడచుచుండెను.

తరువాత తమ్ముడు విదేశమునకు పోయెను. 2012లో అమ్మగారు స్వర్గస్థులైరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మా సముద్రతీరమును తాకినప్పుడు కిటికీ తలుపులు ఊడి, పాత కంప్యూటరు తడిసి నాశనమయ్యెను. మిగిలినవి అమ్మగారి ట్రంకుపెట్టెలో చీరల మడతల నడుమనున్న నాలుగు ఆట డిస్కులును, తమ్ముడు ఇంటిలోనే వ్రాసిన మరియొక డిస్కును మాత్రమే. దానిపై "అమ్మ పద్దులు – 2004" అని యుండెను.

గత సంవత్సరము తమ్ముడు ఫోనులో వానిని గూర్చి అడిగెను. ఒక దుకాణమునకు తీసికొనిపోగా, ఈనాటి యంత్రములమీద ఇవి నడువవని, పారవేయుడని చెప్పిరి. మా అమ్మాయి రుషికొండ మీది ఒక కంప్యూటరు కార్యాలయమున ఉద్యోగిని. "అమ్మా, పారవేయకుము, ఒక ఆదివారము నాకిమ్ము" అని అడిగెను.

పాత ఆట క్రొత్త యంత్రముపై ఏల నడువదో ఆమె మాకు తెలియజెప్పెను. ఆట చెడిపోలేదు, దాని చుట్టునున్న ఇల్లు మారినది. ఇది విండోస్ 98 కాలమున పుట్టినది. ఆనాటి కొన్ని ఆటలు సరిగనే యున్నను, వానిని యంత్రమున దింపు కార్యక్రమములు 16 బిట్ల పద్ధతివి. నేటి 64 బిట్ల విండోస్ వానిని గుర్తింపదు. బొమ్మలను తెరమీద వ్రాయు పాత పద్ధతియైన డైరెక్ట్‌డ్రాను నేటి యంత్రములు సరిగ అనుకరింపలేక మినుకుమినుకు మనిపించును. పలువురాడు మార్గమునకు ఆధారమైన డైరెక్ట్‌ప్లే నేటి విండోసులో ముందుగా అమర్చబడి యుండదు, కోరి తెప్పించుకొనవలెను. కావున వేయవలసినది చెత్తకుండీలోనికి కాదు, పాత పాదునకు తగిన మట్టి.

మొదట ఆమె ఆటను ముట్టలేదు. నేటి చేతి కంప్యూటర్లలో డిస్కు పెట్టు అర లేనందున, బయట తగిలించు డ్రైవు తెచ్చి డిస్కులన్నిటికిని నకళ్లు తీసెను. కార్ఖానాలో అచ్చొత్తిన నాలుగును చక్కగా చదువబడెను. ఇంటిలో వ్రాసిన డిస్కు మాత్రము మొరాయించెను. ఇట్టి డిస్కులలో అక్షరము నిలుచునది రంగుపూతమీద. ఎండకు, వేడికి, తేమకు ఆ పూత క్షీణించును. మా యూరి ఉప్పుగాలికి ఇనుపచువ్వలే నిలువవు గదా! రెండు డ్రైవులలో చదువబడనిది మూడవదానిలో చదువబడెను. అంతవరకు మేము దీపము కొండెక్కునేమో యని చూచువారివలె కూర్చుంటిమి.

పిమ్మట ఆటను విండోసువారి 'ప్రోగ్రామ్ ఫైల్స్' అను అరలో గాక, వేరుగా సృష్టించిన అరలో దింపెను. పాత ఆటలు తమ సేవ్‌లను తమ యరలోనే వ్రాసికొనును. విండోస్ విస్టా మొదలుకొని 'ప్రోగ్రామ్ ఫైల్స్'లో అట్లు వ్రాయనీయక, వానిని గుట్టుగా మరియొక చోటికి మరలించు పద్ధతి వచ్చినది. అప్పుడు వెదకినను దొరకవు. తెర తెరచుకొనెను గాని చీకటి ప్రదేశములు నల్లని చదరములుగా మెరయుచుండెను. ఆటతో వచ్చిన అమరిక కార్యక్రమమున 3డీ సాయమును మార్చిచూడగా అదియు తగ్గెను.

కాని సేవ్‌ల పట్టికలో ఏమియు లేదు! మా గుండె జారిపోయెను. తమ్మునికి ఫోను చేసితిమి. వాడు కొంతసేపు ఊరకుండి, "అక్కా, మన ఆరుగురము గదా! పలువురాడు ద్వారమున చూడుము" అనెను. ఒక్కరాడు ఆట 'సేవ్' అను అరలోను, పలువురాడునది 'ఎంపీసేవ్' అను అరలోను దాగునట. అమ్మాయి సేవ్‌ను ఆ రెండవ అరలో పెట్టి ద్వారము తెరువబోగా విండోస్ డైరెక్ట్‌ప్లేను అడిగెను. కంట్రోల్ ప్యానెలునందలి విండోస్ సదుపాయముల పట్టికలో పాత భాగముల క్రింద దానిని గుర్తించి అమర్చెను. నాయనమ్మ, నాన్న, అమ్మ, మేము, చెల్లెలు, తమ్ముడు – ఆరుగురును ఒక సత్రము గుమ్మమున నిలిచియుంటిమి.

దినచర్య పుస్తకము తెరచితిమి. "పాత కత్తి అమ్మితే 500. మొత్తం 18,200." "నాయనమ్మ ఉంగరం అమ్మొద్దు, అది లేకపోతే ఆవిడ మంత్రం సాగదు." "చెల్లికి చెప్పులు కొనాలి." ఇంగ్లీషు అక్షరములలో అమ్మగారి గొంతు. అన్నిటికంటె చివరి పద్దు: "రేపు నీకు పరీక్ష. ఆపి పడుకో. డబ్బు ఎక్కడికీ పోదు." అమ్మాయి దానిని ఫోనులో చదువుచుండగా అవతల తమ్ముడు మాటాడలేదు. మేమును మాటాడలేదు.

సోదరీమణులకు మా మనవి ఇది. ఆట యైనను, పాత ఫోటోల డిస్కైనను, చెడిపోయెనని ఎవరైన చెప్పినచో పారవేయక ముందు నకలు తీయింపుడు. అదియు రెండు చోట్ల నుంచుడు. ఒక ఫైలును గాక సేవ్ అర నంతటిని నకలు చేయుడు. ఒక తునక తప్పినను పద్దులు పోవచ్చును. అసలును ఎన్నడు తెరువకుడు, నకలునే తెరువుడు. ఊరుపేరు లేని చోట్ల నుండి ఉచితముగ వచ్చు ఆటలను దింపుకొనకుడు. వానితో వైరసులు వచ్చును. డిస్కులు పోయినవారికి వేరు మార్గములు కలవు. 2008లో ఆరంభమైన జీఓజీ అను అంగడి పాత ఆటలను నేటి యంత్రములకు సవరించి అమ్ముచున్నది. ఈ ఆటకే బీమ్‌డాగ్ సంస్థవారు 2013లో నూతన కూర్పును వెలువరించిరి. విండోసునకు పూర్వపు డాస్ కాలము నాటి ఆటలను నడుపుటకు డాస్‌బాక్స్ ఉచితముగ లభించును. 2023లో ఈ వరుసలో మూడవ ఆట కూడ వచ్చినది.

ఆటను ఎన్ని మారులైన కొనవచ్చును. ప్రపంచమున దానిని ప్రేమించువారు ఎందరో యున్నారు గనుక వారు దానిని చావనీయరు. కాని మీ యింటి సేవ్ ఒక్కటియే. దానిని కాపాడువారు మీరు దప్ప మరెవ్వరును లేరు.

సంక్రాంతికి తమ్ముడు వచ్చుచున్నాడు. నకలు మీద ఆట సాగింతుమని అనుకొంటిమి. ఇంకను 1,800 నాణెములు కూడవలెను. ఉంగరము మాత్రము అమ్మము.