తప్పు వెలయు, ఇచ్చిన మాటయు

పూర్వము వేలమనగా తప్పెట మ్రోత, "ఒకటవసారి, రెండవసారి, మూడవసారి" యను కేక, వెనువెంటనే సుత్తి దెబ్బ. నేడు మోటారుకార్లు సయితము అంతర్జాలమున వేలమునకు వచ్చుచున్నవి. అచట కేకయు లేదు, సుత్తియు లేదు; గడువు ముగిసినంతనే యంత్రమే పాటను ఖాయపరచును. అమ్మకందారు కనీసపు వెల వ్రాయునపుడు ఒక సున్న జారిపోయి, పోటీపాటదారులు లేక, ఐదు లక్షల బండి యేబదివేలకే పోయినదనుకొందము. ఆ వెలకే బండి నప్పగింపవలెనా? ఒక బండి కథవలె కన్పట్టినను, వర్తకమునకు ప్రాణమైన నమ్మకమే యిందు ఇమిడియున్నది.

మాట నిలుపుకొనవలసిన సందర్భమును ముందుగా చూతము. జర్మనీలో ఒకడు తన పాసాట్ కారును ఈబేలో 1 యూరో కనీసపు వెలతో పాటకు పెట్టెను. ఒక పాటదారు 555.55 యూరోల వరకు పాడుటకు సిద్ధపడెను. ఇంతలో బయట 4,200 యూరోల బేరము తగులగా, అమ్మకందారు వేలమును నడుమనే నిలిపివేసెను. కారు విలువ 5,250 యూరోలని చెప్పి 5,249 యూరోలు కోరిన పాటదారునకు పరిహార మీయవలసినదని ఆ దేశపు ఫెడరల్ న్యాయస్థానము 2014 నవంబరు 12వ తేదీన నిర్ణయించెను. ఈ తీర్పు సమంజసమని మా యభిప్రాయము. ఇచట చేయి జారలేదు. తక్కువ వెల చూపి జనము నాకర్షింపగోరినవాడు, ఆ సాహసఫలము ననుభవింపవలసినదే.

కాలిఫోర్నియా కథ వేరు. 1997లో అచటి మోటారు వర్తకు డొకడు పాత జాగ్వార్ కారును 37,995 డాలర్లకు అమ్మజూపగా, పత్రికవారి పొరపాటున ప్రకటనలో 25,995 డాలర్లని పడెను. ఆ బండికై యతడు పెట్టిన సొమ్మే 35,000 డాలర్లు. ప్రకటన చూచివచ్చినవాడు అచ్చయిన వెలకే బండి నడిగెను. ఒప్పందము కుదిరినమాట నిజమే యనుచు, పొరపాటు బుద్ధిపూర్వకము కానందునను, నష్టము భరింపరానిదైనందునను, ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టు 2001లో దానిని రద్దుచేసెను.

సింగపూరులో కొనుగోలుదారుల మనస్సే విచారణకు వచ్చెను. 3,854 డాలర్ల అచ్చుయంత్రము 2003లో అంతర్జాలమున 66 డాలర్లకు కన్పడగా, ఆర్గురు కలిసి 1,606 యంత్రములకు ఆర్డరు పెట్టిరి. వారు పొరపాటు నెరిగియే పెట్టిరని గ్రహించి, 2005లో అప్పీలు న్యాయస్థానము వారి కోరిక నిరాకరించెను.

మన చట్టమేమి చెప్పుచున్నది? 1930 నాటి సరకుల విక్రయ చట్టము 64వ సెక్షను ప్రకారము సుత్తి దెబ్బతో గాని, వాడుకలోనున్న వేరొక రీతిని గాని ప్రకటించినపుడు విక్రయము పూర్తియగును. అంతవరకు పాటదారు తన పాటను మరలించుకొనవచ్చును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 22వ సెక్షను, ఒక పక్షమువాడు మాత్రమే విషయమున పొరపడినంతమాత్రమున ఒప్పందము రద్దుకు పాత్రము కాదనుచున్నది. కావున "మా గుమాస్తా పొరబడెను" అను సాకు ఒక్కటియే చాలదు.

మాట తప్పరాదనువారు బలిచక్రవర్తి నుదాహరింతురు. కాని బలి పొరపడి దానమిచ్చినవాడు కాడు. శుక్రాచార్యుడు వారించినను, వచ్చినవాడెవరో యెరిగియే ధారవోసెను. జారిపడిన సున్నకు సత్యవ్రతమను పేరు పెట్టుట సత్యమునకే అవమానము.

మా మతమిది. తెలిసి తక్కువ వెల పెట్టినవాడు లాభమైనను నష్టమైనను మాట నిలుపుకొనవలెను. నిజముగా పొరపడినవానిని, అది పొరపాటని యెరిగియు పాట పాడినవాడు బంధింపరాదు. అయినను పొరపాటును రుజువు చేయు భారము అమ్మకందారుపైననే యుండవలెను. కలము అతని చేతిలోనిదే కదా! తప్పు కంటబడిన తక్షణమే యతడు దానిని ప్రకటించి, పుచ్చుకొన్న బయానాను పూర్తిగా తిరిగి యీయవలెను. మంచి ధర వచ్చువరకు మౌనము వహించి, రానిచో పొరపాటని మొరపెట్టుకొనువానికి న్యాయస్థానమున చోటుండరాదు. కొనువాడును నమ్మరాని వెల కన్పడినపుడు ఒక్కమాట అడుగుట మేలు. ఆడినమాట తప్పకుండుట యెంత ధర్మమో, ఎదుటివాని పొరపాటును మూటగట్టుకొనకుండుటయు నంత ధర్మము.