మీకు తెలుసా? బేస్ గిటార్ ఒక రేడియో మెకానిక్ చలవే!

బేస్ గిటార్‌ను ఇంటింటికీ చేర్చిన లియో ఫెండర్‌కు గిటార్ వాయించడమే రాదు! కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే ఆయన 1951లో 'ప్రెసిషన్ బేస్' తెచ్చాడు. అంతకుముందు బేస్ అంటే చాలామందికి మనిషెత్తు డబుల్ బేసే. కార్లో పట్టేది కాదు. మరుసటి ఏడే ప్రెసిషన్ బేస్ కోసం 'బేస్‌మ్యాన్' ఆంప్లిఫయర్ చేశాడు. తమాషా ఏమిటంటే, దాన్ని మామూలు గిటారిస్టులు తన్నుకుపోయారు. లండన్‌లో జిమ్ మార్షల్ బృందం చేసిన తొలి ఆంప్ సర్క్యూట్‌కు ఇదే నమూనా.

బేస్ గిటార్లు సేకరించేవారిలో మహా పిచ్చివాడు 'ది హూ' రాక్ బృందం బేసిస్టు జాన్ ఎంట్విజిల్. విరిగిన ఐదు బేస్‌ల ముక్కలతో ఒకటి కూర్చి 'ఫ్రాంకెన్‌స్టైన్' అన్నాడు. 2002లో ఆయన పోయాక ఆ సేకరణ సదబీస్ వేలానికి వెళ్లింది.

గిటార్ కొనడం తేలికే, బేస్‌మ్యాన్ లాంటి పాత వాల్వ్ ఆంప్‌కు ప్రాణం పోయడమే అసలు పని. ఏళ్లు గడిచేకొద్దీ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు లోపల ఎండిపోతాయి. స్పీకర్ గుయ్యిమని మోగుతుంది. అందుకే ముందు వాటిని మారుస్తారు. రెండు పిన్నుల ప్లగ్ ఉంటే ఎర్త్‌తో మూడు పిన్నులది వేస్తారు. వాల్వులు మాత్రం చాలాసార్లు నిక్షేపంగా ఉంటాయి, వాటిని తొందరపడి పారేయకండి.

ఒక్క జాగ్రత్త: ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో 400 ఓల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. దాన్ని ఖాళీ చేయడం తెలియనివారు ఆంప్ మూత విప్పవద్దు.