ఘ్రాణశక్తి – జన్యువులు

ఫాల్గుణ, చైత్ర మాసాలలో తెల్లవారుజామున ఆదిలాబాదు అడవుల్లో నడిచేవారికి, ఇప్పచెట్టు కనబడటానికి ముందే దాని పూల వాసన ఎదురు వస్తుంది. పువ్వు నుండి వెలువడిన అణువులు గాలితోపాటు నాసికలో ప్రవేశించడమే ఇందుకు కారణం. ఈ సంగతి పూర్వమే తెలుసు. అటుపై జరిగే తతంగం మాత్రం చాలాకాలం మరుగుననే ఉండిపోయింది.

1991లో అమెరికాలో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధించి, ఘ్రాణగ్రాహకాలను నిర్మించే జన్యువుల మహాకుటుంబాన్ని కనుగొన్నారు. 2004లో వారికి నోబెల్ బహుమతి లభించింది. మానవునిలో ఇట్టి జన్యువులు సుమారు 400 పనిచేస్తున్నాయి. అంతకన్న అధికసంఖ్యలో ఉన్నవి చెడిపోయి, చెల్లని పాత దస్తావేజులవలె నిలిచి ఉన్నాయి. ముక్కు పైభాగానగల ఒక్కొక్క ఘ్రాణకణం సాధారణంగా వీటిలో ఒక్క జన్యువునే ఎన్నుకొని, ఒకేరకపు గ్రాహకాన్ని ధరిస్తుంది. ఆ కణపు తంతువు జల్లెడవంటి ఎముక రంధ్రాలగుండా మెదడును చేరుతుంది.

400 గ్రాహకాలతో వేల వాసనలు ఎట్లా తెలుస్తాయి? మన కళాశాలలో రెండు లిపులు చదివేవారున్నారు గనుక ఉపమానం సులభం. కొద్దిపాటి అక్షరాల కూర్పుతో వేల మాటలు పుట్టినట్లే, ఒక అణువు అనేక గ్రాహకాలను కదిలిస్తుంది, ఒక గ్రాహకం అనేక అణువులకు స్పందిస్తుంది. ఆ కూర్పును మెదడు చదువుకుంటుంది. ఉర్దూలో ఖుష్బూ, బద్బూ అని వేరుచేస్తాము గాని, గ్రాహకానికి ఆ భేదం తెలియదు. అందరి జన్యువులూ ఒక్కతీరుగా ఉండవు. కొందరికి కొత్తిమీర సబ్బువాసన కొట్టడానికి ఒక ఘ్రాణజన్యువులోని స్వల్పభేదం కూడ ఒక కారణమని 2012లో వెల్లడైంది.

ఇది కేవలం వంటింటి ముచ్చట కాదు. గోదావరిఖని, మందమర్రి ప్రాంతాల బొగ్గుగని కార్మికులకు ఇది ప్రాణసంకటం. బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకొనేటప్పుడు వచ్చే వాసనను అనుభవజ్ఞుడైన కార్మికుడు పసిగట్టగలడు. కాని అక్కడే పుట్టే కార్బన్ మోనాక్సైడు, గనుల్లో పేలుడుకు కారణమయ్యే మీథేను మన ముక్కుకు అందవు. వాటి విషయంలో కొలిచే యంత్రమే దిక్కు. వంటగ్యాసుకు సైతం స్వతహాగా చెప్పుకోదగిన వాసన లేనందున, అందులో దుర్గంధంగల ఇథైల్ మెర్కాప్టానును కలుపుతారు.

2021లో కోవిడ్ సోకినప్పుడు ఈ వ్యాసకర్తకు పదునాలుగు దినాలు ఏ వాసనా తెలియలేదు. ఆ వ్యాధిలో ప్రధానంగా దెబ్బతినేవి ఘ్రాణకణాలు కావు, వాటిని పోషించే పక్కకణాలు. అవి తిరిగి మొలుస్తాయి గనుకనే చాలామంది కోలుకున్నారు. ఆ దినాలలో ఒకనాడు పొయ్యి ఆరిపోయి, గ్యాసు గదినిండా వ్యాపించింది. నేను పక్కనే కూర్చొని పుస్తకం చదువుకొంటున్నాను. పై గది నుండి దిగివచ్చిన మా చిన్నమ్మాయి ముక్కు మూసుకొని “అబ్బా, గ్యాస్!” అని కేక వేసేవరకు నాకు ఏమీ తెలియలేదు.