ఒక ఊరికి ఎన్ని చావులు మామూలు?

ఒక ఊళ్లో ఏటా ఎంతమంది చనిపోవడం మామూలో తెలియకపోతే, ‘ఇక్కడ చావులు పెరిగాయి’ అనడానికీ ‘అన్నీ సహజ మరణాలే’ అనడానికీ ఆధారం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో మరణాల రేటు కొన్నేళ్లుగా వెయ్యి మందికి ఆరు, ఏడు మధ్య ఉంటోంది. ఏడు చొప్పున లెక్కేసినా 2,500 జనాభా ఉన్న ఊళ్లో ఏడాదికి పదిహేడు మంది, రెండు నెలలకు ముగ్గురు పోతారు. విజయవాడకు దగ్గర్లో, గుంటూరు రూరల్ మండలంలోని తురకపాలెం సుమారు అంత ఊరే. 2025 వానాకాలంలో అక్కడ రెండు నెలల్లోనే సుమారు ఇరవై మంది కన్నుమూశారు.

చిన్న ఊళ్ల లెక్కలు నిలకడగా ఉండవు. అలాంటి ఊళ్లు వంద తీసుకుంటే, ఏ నెలలోనైనా ఒకటి రెండు చోట్ల ఏ కారణమూ లేకుండానే ఐదు చావులు సంభవిస్తాయి. రాష్ట్రంలో పదమూడు వేలకు పైగా పంచాయతీలున్నాయి కాబట్టి ఎక్కడో ఒకచోట ‘వరుస మరణాలు’ అన్న వార్త ఎప్పుడూ ఉంటుంది. అయితే ముగ్గురు పోవాల్సిన కాలంలో ఇరవై మంది పోవడం ఇలాంటి కాకతాళీయం కాదు. తురకపాలెంలో అది లెక్క తేల్చేసిన విషయం. తేలనిది కారణం. మట్టిలో, బురదనీటిలో ఉండే బర్క్‌హోల్డేరియా సూడోమల్లై అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే మెలియాయిడోసిస్ మీద అనుమానం వచ్చింది. నీళ్లలో యురేనియం మీదా చర్చ నడిచింది.

మెలియాయిడోసిస్ పేరు రికార్డుకు ఎక్కడం ఎంత కష్టమో ఒక్క కాగితం చూస్తే తెలుస్తుంది. ఆసుపత్రిలో మనిషి పోతే డాక్టరు నింపేది ఫారం 4. అందులో ‘ఎ’ వరుసలో ప్రాణం తీసిన స్థితిని, ‘బి’లో దానికి దారితీసినదాన్ని, ‘సి’లో అన్నిటికీ మూలమైన జబ్బును రాయాలి. సుగరున్న రైతు ఒకరు దమ్ము చేసిన మడిలో నాట్లకు దిగాడనుకుంటే, కాలి పగుళ్లలోంచి సూక్ష్మజీవి ఒంట్లోకి వెళ్తుంది. జ్వరం వస్తుంది, ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది, చివరికి రక్తం విషమవుతుంది. అప్పుడు ‘ఎ’లో సెప్సిస్, ‘బి’లో న్యుమోనియా, ‘సి’లో మెలియాయిడోసిస్, కింద విడిగా మధుమేహం రాయాలి. రక్తాన్ని కల్చర్ పరీక్షకు పంపకపోతే ‘సి’ ఖాళీగానే ఉండిపోతుంది. చాలా పత్రాల్లో కనిపించే ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అన్న మాట అసలు కారణమే కాదు. గుండె, ఊపిరి ఆగడం ప్రతి చావులోనూ జరిగేదే. ఈ వరుసను నిజాయతీగా నింపడం వైద్యంలో భాగమే, ఎందుకంటే పేరు తెలిస్తే మందు ఉంది. సెఫ్టాజిడైమ్ లాంటి యాంటీబయాటిక్‌ను త్వరగా మొదలుపెట్టే ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో ఈ జబ్బుతో చనిపోయేవారు పదిమందిలో ఒకరి లోపే. ఈశాన్య థాయ్‌లాండ్‌లో దాదాపు నలుగురు.

ఇంటి దగ్గర పోయినవారిలో చాలామందికి ఇలాంటి ఫారం కూడా ఉండదు. 2020లో దేశం మొత్తం మీద నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఈ లోటు పూడ్చే పద్ధతిని ‘వెర్బల్ అటాప్సీ’ అంటారు. చావు జరిగిన ఇంటికి వెళ్లి, జ్వరం ఎన్ని రోజులుంది, ఆయాసం వచ్చిందా, పచ్చకామెర్లు కనిపించాయా అని అడిగి, ఆ జవాబులను డాక్టర్ల చేత చదివించడమే ఆ పద్ధతి. 2003-04లో గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో ఇలా అడిగారు. ఏడాదిలో 1,354 మరణాలు తేలాయి. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. పల్లెల్లో చావులు అంటురోగాల వల్లే అన్న నమ్మకాన్ని ఆ ఇళ్లలో చెప్పిన మాటలే మార్చాయి.

మొత్తం లెక్క మాత్రమే చూస్తే మోసపోతాం. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెం మరణాల మీద, నాటుసారానా సహజమా అని శాసనసభ అట్టుడికింది. యాభై వేల పట్టణంలో నెలకు సుమారు ముప్పై మంది చనిపోవడం మామూలే, కాబట్టి చావుల అంకె ఒక్కటే ఏ పక్షాన్నీ గెలిపించదు. పోయినవారి వయసు ఎంత, మగవారా ఆడవారా, ఎన్ని గంటల జబ్బుతో పోయారు అన్నవే తేడా చెబుతాయి. డెబ్బై దాటినవారు నెల పొడుగునా ఒకరొకరుగా పోవడం వేరు, నలభై ఏళ్ల మగవారు నాలుగైదు రోజుల్లో వాంతులతో పోవడం వేరు.

చావు ఎక్కడ నమోదైందో కూడా చూడాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చావు జరిగిన చోటే నమోదు చేయాలి. అవనిగడ్డ నుంచో, తిరువూరు నుంచో వచ్చి విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో పోయినవారు నగర పాలక సంస్థ లెక్కలోకి వెళ్తారు. దాంతో నగరం లెక్క ఉబ్బి, ఊళ్ల లెక్క తగ్గుతుంది. పింఛను, బీమా, ఆస్తి మార్పిడి అవసరమున్న ఇంట్లో పత్రం తప్పక తీస్తారు. పేరున ఏమీ లేని ముసలమ్మ చావు రిజిస్టరుకు చేరకపోవచ్చు.

కారణం అందరికీ తెలిసినా లెక్క తేలని సందర్భాలూ ఉన్నాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పోయినవారు అధికారికంగా సుమారు పది వేలు. ఇతర అంచనాలు దానికి ఎంతో పైన ఉన్నాయి. గుర్తుపట్టేవారు కూడా మిగలని కుటుంబాలను ఏ జాబితాలో చేర్చగలరు? మేలో ఎండలకు పోయినవారిదీ అదే సమస్య. తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై కలిసి ధ్రువీకరిస్తేనే వడదెబ్బ మరణం. ఎండకు గుండె ఆగిన వృద్ధుడు ఆ కమిటీ దాకా రాడు. అందుకే అహ్మదాబాద్‌లో 2010 మే ఎండలకు వడదెబ్బ కేసులను పక్కనపెట్టి, మామూలు మే నెలలతో పోల్చి చూశారు. 1,344 చావులు అదనంగా తేలాయి.

2021లో ఈ పోలికే ఆంధ్రప్రదేశ్‌కు అవసరమైంది. అంతకుముందు ఏళ్లలో మేలో రాష్ట్రంలో సుమారు 27,000 మరణాలు నమోదయ్యేవి. 2021 మేలో 1,30,000 దాటాయి. ఆ నెల అధికారిక కరోనా మరణాలు మూడు వేల లోపు. అదనంగా పోయిన లక్ష మందిలో కొందరు మంచం దొరక్క, వేరే జబ్బుకు వైద్యం అందక పోయి ఉంటారు. అందరినీ కరోనా ఖాతాలోనే వేయడం సరికాదు. కానీ వారు పోలేదని అనడానికి ఏ వాదనా లేదు. మరుసటి ఏడాది జనవరి నాటికి కరోనా మరణాల పరిహారం దరఖాస్తులు 36,000 దాటగా, అప్పటి అధికారిక మృతులు పద్నాలుగు వేల పైచిలుకు.

అన్ని చావులూ ఇలా ఒక్క నెలలో గుట్టపడవు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి ఒక్కొక్కరుగా పోతున్నారు. ఏ నెల రిజిస్టరు తిరగేసినా వింతేమీ కనిపించదు. పదేళ్ల రిజిస్టర్లను పక్క మండలాలతో వయసులవారీగా పోలిస్తేనే తేడా బయటపడుతుంది.