సున్నా ఒకటి తగ్గింది

ఫిబ్రవరి వచ్చిందంటే ప్రత్తిపాడు, యడ్లపాడు, పర్చూరు దారులన్నీ ఎర్రటి మిర్చి కళ్లాలే. పట్టాల మీద కాయ తిరగేస్తూ కూలీలు తుమ్ముతూనే ఉంటారు. ఆ ఎరుపులో పురుగుమందు ఎంత మిగిలిందో కంటికి కనపడదు. అంకెలే చెప్పాలి. మరి ఆ అంకె వేసేదెవరు, వేసినవారిని అడిగేదెవరు?

2024 ఏప్రిల్ 8న కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఒక ఉత్తర్వు ఇచ్చింది. మన దేశంలో రిజిస్టరు కాని మందుల అవశేషం మసాలా దినుసుల్లో కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని అప్పటిదాకా ఉన్న లెక్క. దాన్ని 0.1 చేసేసింది. టన్ను మిరపకాయకు పది మిల్లీగ్రాములు కాస్తా నూరయ్యాయన్నమాట. శాస్త్రవేత్తల బృందం సిఫార్సు మేరకే మార్చామని సంస్థ చెప్పుకుంది. కావచ్చు. నా పేచీ అంకెతో కాదు, అది వచ్చిన దారితో.

2006 నాటి ఆహార భద్రతా చట్టం 93వ సెక్షన్ ప్రకారం ఈ సంస్థ చేసే నిబంధనలను పార్లమెంటు ఉభయ సభల ముందు ముప్పై రోజులు ఉంచాలి. రెండు సభలూ ఒక్క మాట మీదుంటే మార్చవచ్చు, కొట్టేయవచ్చు. అదే ఉత్తర్వయితే ఆ తిప్పలే లేవు. సలహాపత్రాలతో చట్టం నడపబోయిన ఇదే సంస్థకు, నిబంధన చేసే దారిలోనే రమ్మని 2014లో బాంబే హైకోర్టు చెప్పింది. మరుసటేడు సుప్రీంకోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది.

సభకు వస్తే మాత్రం ఒరిగేదెంత? మంత్రి లేచి కాగితాలు సభ ముందుంచుతున్నానంటారు, నిమిషంలో ముగుస్తుంది. వాటిని తిరగేయడానికి లోక్‌సభలో 1953 నుంచీ పదిహేను మంది సభ్యుల సంఘం ఒకటుంది. అది తిరగేసేలోగా నిబంధన అమలై కూర్చుంటుంది.

పురుగుమందుల కథ ఇంకా చేదు. 1958లో పురుగుమందు కలిసిన పిండి తిని కేరళలో నూరు మందికి పైగా పోయాక, పదేళ్లకు గానీ క్రిమిసంహారక మందుల చట్టం రాలేదు. 1987లో శనగపచ్చ పురుగు గుంటూరు, ప్రకాశం పత్తిని ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టినా చావలేదు. అప్పు తీరే దారి లేక రైతులు ఆ మందే తాగారు. పార్లమెంటు తన తొలి సంయుక్త దర్యాప్తు సంఘాన్ని వేసింది సరిగ్గా ఆ ఏడాదే, బోఫోర్స్ ఫిరంగుల మీద! పురుగుమందు వంతు 2003లో వచ్చింది, అదీ కూల్‌డ్రింకుల్లో అవశేషాలు బయటపడ్డాక. శరద్ పవార్ అధ్యక్షతన ఆ సంఘం ఆరు నెలల్లో నివేదిక ఇచ్చేసింది. తలుచుకుంటే చేయగలరు.

ఆ 2003లోనే ఐరోపాలో మన కారంలో సుడాన్ రంగు పట్టుబడింది. స్పైసెస్ బోర్డు ఎగుమతి మిర్చికి పరీక్ష తప్పనిసరి చేసింది. కొనేవాడు అడిగాడు, చేశారు. ఇప్పుడు సరుకు ఓడ ఎక్కాలంటే నమూనా ల్యాబుకు వెళ్లి తీరాలి. కళ్లంలో ఒక మూల ఏరిపోసిన తాలుకాయ మాత్రం ఏ పరీక్షా లేకుండా ఊళ్లో కారం మిల్లుకు పోతుంది.